వయా పాకాల

స్తంభాలెక్కి దిగిన మోకాళ్లు నావి.
ముప్పై ఒక్క ఏళ్లు చిత్తూరు ఎక్స్చేంజిలో లైన్‌మన్‌ని.
అందుకే తిరుపతి డాక్టరమ్మ
తెరమీద బూడిదరంగు మెదడును చూపించి
"ఇది ఒక్క చోట ఉండే జబ్బు కాదయ్యా,
తీగె వెంబడి నడుస్తుంది" అన్నప్పుడు
ఆ గదిలో నాకొక్కడికే
రెండోసారి చెప్పించుకునే పని లేకపోయింది.

చెరువు తెగి మడులన్నీ మునిగినట్టు కాదు.
పక్కనే ఉన్న పల్లెను వదిలేసి
తీగె కలిసిన దూరపు ఊరిని పట్టుకుంటుంది.

నేను తోడు పోయింది ఇద్దరికి.
ఖుర్షీదక్క, సుగుణవల్లి.
ట్రంకు బోర్డు ముందు పక్కపక్క స్టూళ్ల మీద
చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకొని
సగం జిల్లాను సగం జిల్లాతో మాట్లాడించినోళ్లు.
కుప్పంలో పురుడు, పుంగనూరులో చావు,
దామలచెరువు మండీలో బెంగుళూరా కాయ ధర,
అన్నీ వాళ్ల వేళ్ల సందున దూరి పొయ్యేవి.

ఇప్పుడు ఖుర్షీదక్కకు మాట ఉంది,
జారే మాట, నవ్వే మాట.
నిన్న లేదు.
"ఏమబ్బా, మదనపల్లె కలిసిందా?"
కలిసిందక్కా.
టీ గ్లాసు మూతికి పెట్టుకొని, దించి,
"ఏమబ్బా, మదనపల్లె కలిసిందా?"
పూతలపట్టు నుంచి చంద్రగిరి దాకా
పదకొండుసార్లు కలిపాను మదనపల్లెను.

సుగుణవల్లికి నిన్న ఉంది, మొన్న ఉంది,
డెబ్బై తొమ్మిదిలో నేను ఎగ్గొట్టిన నైటు డ్యూటీ కూడా ఉంది.
వేలు చూపించి మరీ నవ్వుతుంది.
పేర్లు లేవు.
మొదట సీతాఫలం పోయి పండు మిగిలింది.
తర్వాత పండూ పోయి "అది" మిగిలింది.
మొన్న అనపకాయలు ఒలుస్తా ఒలుస్తా
ఒక గింజను వెలుతురుకు పట్టి చూసింది,
బాకీ ఉండి మొహం చాటేసిన మనిషిని చూసినట్టు.
మా ఇంటామెకు పితికిపప్పు నేర్పించింది ఈమే.

డాక్టరమ్మ రెండు ఫోటోలూ పక్కన పెట్టింది.
ఒకరికి జ్ఞాపకాల గది చుట్టూ, వెనకవైపు,
మనిషి ఊరికే కూర్చున్నప్పుడు
తమలో తాము గుసగుసలాడుకునే తావులు
ఒకదానికొకటి పలకడం మానేశాయంట.
ఇంకొకరికి ఎడమ కణత లోపల, మొన దగ్గర,
పేరుకూ వస్తువుకూ వేసిన ముడి వదులైందంట.
కొన్ని చోట్ల మాత్రం
మామూలు కంటే ఎక్కువ ఎరుపు.
"బాగుపడతా ఉందా అమ్మా?"
"చెప్పలేం. దారి మార్చుకోవడం కావచ్చు.
అలిసిపొయ్యే ముందు అరుపూ కావచ్చు."

నాకు తెలుసు ఆ దారి.
గాలివానకు గాదంకి దగ్గర స్తంభం కూలిన రాత్రి
తిరుపతి నేరుగా దొరక్క
సుగుణవల్లి వయా పాకాల కలిపేది.
అదీ పోతే వయా పీలేరు.
అదీ పోతే వేలూరు వాళ్లను తమిళంలో బతిమాలేది.
గొంతు ఇసక నమిలినట్టు చేరేది.
చేరేది కానీ.
ఆ రాత్రుల్లో పాకాల బోర్డు వేడెక్కి
ఫ్యూజులు ఎగిరిపొయ్యేవి.
ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు.

బస్టాండులో తోపుడుబండి చూసి
"అది... ఆ అది..." అని ఆగింది సుగుణవల్లి.
"సీతాఫలం మే, కళ్లు కనపళ్లేదా" అంది ఖుర్షీదక్క.
కాసేపటికి తనే,
"ఈడికి ఎందుకొచ్చినాం?"
సుగుణవల్లికి తెలుసు. చెప్పేదానికి సామాను లేదు.
ఖుర్షీదక్క అరచెయ్యి తెరిచి
నడిమధ్య చూపుడువేలు గుచ్చింది,
బోర్డులో ప్లగ్గు పెట్టినట్టు.
ఖుర్షీదక్క వీపు నిటారైంది.
"నంబరు చెప్పండి" అంది.

ఒక్కసారే జరిగిందది. కథలు అల్లను.
రెండో వేలికి
ఆమె ఎటో చూస్తా ఉండింది.

మాకు దొరికిన బస్సు పాకాల మీదుగా పొయ్యేది,
అరగంట ఎక్కువ.
కిటికీ పక్కన ఒకరు, నడుమ ఒకరు, చివర నేను.
చీకట్లో టికెట్టును మడత మీద మడత పెడుతూ
"ఏమబ్బా, మదనపల్లె కలిసిందా?"

కలుపుతా ఉండానక్కా.
లైన్లోనే ఉండు.